ఇరవై మూడు టోపీలు

వాళ్ళు కోట లోపలికి వచ్చేశారు!

ఇద్దరు. గళ్ళ చొక్కావాడు టికెట్ కౌంటర్ దగ్గర. బట్టతలవాడు మెట్ల మీద.

గైడ్ ఇద్దర్నీ చూశాడు. అయినా నోరు ఆగదు. పద్దెనిమిదేళ్ళుగా అరిగిన రికార్డు మరి.

"ఇది రాణీగారి అద్దాల గదండీ... దయచేసి ఏదీ ముట్టుకోకండి..."

వెనకాల ఇరవై మూడు పసుపు టోపీలు. టూర్ కంపెనీ ఇచ్చినవి. వాటిలో ఒకదాని కింద అతని అక్క ఉంది.

ఆ సంగతి గుంపులో ఎవరికీ తెలీదు.

అక్క సరస్సు ఒడ్డునున్న హోటల్లో గదులు సర్దుతుంది. మూడు రోజుల కిందట ఆ హోటల్ ఓనర్ ఒక మనిషిని బాల్కనీలోంచి తోసెయ్యడం కళ్ళారా చూసింది. రేపు పొద్దున కోర్టులో ఆ మాట చెప్పాలి. చెప్పాలంటే ముందు బతికుండాలి.

ఊరి రోడ్లన్నిటి మీదా ఓనర్ మనుషులే. మిగిలింది సరస్సు ఒక్కటే. టూరిస్టుల్లో కలిపేసి, గుడి చూపించి, కోట చూపించి, ఆఖరి పడవలో అవతలి గట్టుకి దాటించెయ్యాలి. అక్కడ పోలీసు జీపు ఉంది.

పొద్దున్నే చెప్పాడు. "నన్ను చూడకు, పిలవకు అక్కా. నేనూ నీ వైపు చూడను. చూశామా, పట్టేస్తారు."

"స్కూల్లోనూ ఇంతేగా. నేనెవరో తెలీనట్టు పోయేవాడివి," అని నవ్వింది అక్క.

బట్టతలవాడు గుంపుని చూస్తున్నాడు. ఒక్కో మొహం... ఒక్కో మొహం...

"పడవ టైమైందండీ. త్వరగా రండి."

ఇరుకు మెట్లు. చీకటి. ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ దిగుతున్నారు. వెనక ఎవరో జారిపడిన చప్పుడు...

తిరిగి చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది.

చూడడు. మాటంటే మాటే.

కోట కింద రేవు. నీళ్ళు నల్లబడుతున్నాయి. పడవవాడు ఇంజిన్ స్టార్ట్ చేసి, "లెక్క చూస్కో గురూ," అంటాడు.

గైడ్ వేలు టోపీల మీద పరిగెడుతుంది. గైడ్లందరూ అంతే, టోపీలే లెక్కపెడతారు. మొహాలు చూస్తూ కూచుంటే ఏ గుంపూ కదలదు.

ఇరవై ఒకటి... ఇరవై రెండు...

చివరి వరసలో ఎవరో వంగి చెప్పు సర్దుకుంటున్నారు. టోపీ ఒక్కటే కనిపిస్తోంది. అక్కే అయ్యుంటుంది. మొహం దాచుకుంటోంది, తెలివైంది.

ఇరవై మూడు!

"పోనీ."

పడవ గట్టు వదిలింది. మధ్యాహ్నం నుంచి బిగబట్టిన ఊపిరి ఇప్పుడు వదిలాడు. ఇంక నీళ్ళలోకి ఎవడొస్తాడు? ఇప్పుడు చూడొచ్చు.

చూశాడు.

చివరి వరసలో మనిషి తలెత్తాడు. టోపీ తీశాడు.

బట్టతల!

వాడు తాపీగా లేచొచ్చి పక్కన కూర్చున్నాడు. గైడ్ పక్కటెముకల్లో తుపాకీ గుచ్చుకుంది.

"అరిచావనుకో... ముందు ఆ పాప," అన్నాడు మెల్లగా. ఎదురు సీట్లో తల్లి ఒళ్ళో నాలుగేళ్ళ పాప. నీళ్ళకేసి చూసి నవ్వుతోంది.

గైడ్ కోట వైపు తిరిగాడు.

కోట మెట్ల మీద అక్క. తల మీద టోపీ లేదు. గళ్ళ చొక్కావాడు చెయ్యి మెలిపెట్టి పట్టుకున్నాడు. గేటు మూసేశారు. మెట్ల మీద ఇంకెవరూ లేరు.

మెట్లు దిగేటప్పుడు అక్క ఒక్క కేక వేసుంటే తను ఆగేవాడు. వెయ్యలేదు. పిలవొద్దన్నది తనేగా.

అక్క పడవకేసే చూస్తోంది. తమ్ముడూ చూస్తున్నాడు. పొద్దున్నుంచీ ఇదే మొదటిసారి.

ఢాం!

కోట మీంచి పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి.

"అదేం చప్పుడు బాబూ?" ముందు వరసలో పెద్దావిడ అడిగింది.

పడవలో అందరూ అతని వైపే తిరిగారు. గైడ్ కదా, అన్నీ తెలిసినవాడు. పాప కూడా తిరిగింది.

పక్కటెముకల్లో తుపాకీ ఇంకాస్త లోపలికి దిగింది.

గైడ్ నోరు తెరిచాడు.

"పావురాల్ని తోలుతున్నారమ్మా," అన్నాడు. "రోజూ ఇదే టైముకి."