మల్లయ్య వినని మాట

సుమలత ఫణీంద్రకి పరిచయమైంది, అతని ముక్కు వాచేలా కొట్టి.

ఐటీ కంపెనీలన్నీ వర్చువల్ రియాలిటీ అంటూ ఊగిపోతున్న రోజులవి. హైదరాబాద్‌లో మైత్రీవనం వెనక ఇన్‌స్టిట్యూట్‌లో ఆ కోర్సు మొదటి క్లాసు. కళ్ళకి హెడ్‌సెట్లు తగిలించుకుని ఇద్దరూ లేని బంతితో ఆడుతుంటే, ఆమె చెయ్యి నిజంగా ఉన్న అతని ముక్కుకి తగిలింది.

"అయ్యో! కనపడలే భాయ్. మస్తు తాకిందా?"

"పర్లేదండీ. ముక్కు ఇంకా ఉన్నట్టే ఉంది."

ఆమె ఫక్కున నవ్వింది. భీమవరం కుర్రాడు ఫణీంద్ర అక్కడే పడిపోయాడు.

ప్రాజెక్టుకి ఏరికోరి ఆమెకే జత అయ్యాడు. ఇద్దరూ కలిసి వర్చువల్ బతుకమ్మ తయారుచేశారు. హెడ్‌సెట్ పెట్టుకుంటే తంగేడు పూల బతుకమ్మ, చుట్టూ తిరుగుతూ ఆడవాళ్ళు. పాట మాత్రం సుమలత తన ఫోన్లోంచి తీసిచ్చింది.

"ఎవరిదీ గొంతు?"

"మావోళ్ళదే తియ్," అని మాట దాటేసింది.

డెమో రోజున ఇళ్ళవాళ్ళని పిలిచారు. ఒక పెద్దాయన హెడ్‌సెట్ పెట్టుకుని కాసేపు బిగుసుకుపోయాడు. తర్వాత వంగి చెప్పులు విప్పి, గాల్లోకి చేతులు జోడించాడు.

"చూడండ్రా, కంప్యూటర్‌కి దండం పెడుతున్నాడు! ఇంకాసేపుంటే ప్రసాదం అడుగుతాడు," అన్నాడు ఫణీంద్ర పక్కవాళ్ళతో.

అతని చేతిలో మైకు ఆన్‌లోనే ఉంది. స్పీకర్లలో ఆ మాట మోగింది. హాలంతా ఘొల్లుమంది.

సుమలత నవ్వలేదు. పాట అయ్యేదాకా ఆగి, పెద్దాయన హెడ్‌సెట్ తీసి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. తర్వాత ఫణీంద్ర దగ్గరికొచ్చి మెల్లగా అంది.

"ఆయన మా నాయిన. ఆ పాట పాడింది మా అమ్మ. పోయినేడు చనిపోయింది."

భూమి చీలితే బాగుండుననిపించింది ఫణీంద్రకి. ఆ తర్వాత ఆమె క్లాసులో దూరంగా కూర్చునేది. ఫోనెత్తేది కాదు. ఫణీంద్రకి అద్దంలో తన మొహం తనకే చూడబుద్ధి కాలేదు.

చివరికి ఒక సాయంత్రం వానలో తడుస్తూ పంజాగుట్టలో వాళ్ళ టైలరింగ్ షాపు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆమె తండ్రి మల్లయ్య కుట్టుమిషన్ మీద ఉన్నాడు. పక్కన సుమలత హుక్స్ కుడుతోంది. ఫణీంద్ర గుమ్మం బయటే ఆగాడు.

"అంకుల్, ఆ రోజు మిమ్మల్ని ఎగతాళి చేసింది నేనే. క్షమించండి."

మల్లయ్య మిషన్ ఆపాడు. "నాకేం ఇనపడలే గద బిడ్డా. చెవుల నిండ మా ఆమె పాటనే ఉండె. ఏమన్నవేంది?"

ఫణీంద్రకి అప్పుడర్థమైంది. సుమలత ఆయనకి చెప్పనే లేదు! అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. ప్రసాదం మాటతో సహా అంతా చెప్పాడు.

మల్లయ్య చేతిలో గుడ్డ సవరించి పక్కన పెట్టాడు.

"మా ఆమె గొంతు ఇనంగనే, చెప్పులతోటి నిలబడ్డనని నాకే సిగ్గైంది," అన్నాడు. "నీ మాట మంచిగనిపియ్యలే బిడ్డా. అయినా వచ్చి చెప్పినవ్. లోపలికి రా, తడుస్తున్నవ్."

సుమలత గుమ్మం దగ్గరికి వచ్చింది. "నాయినకు తెల్వనే తెల్వదు. ఊకుంటే అయిపోతుండె గద. ఎందుకు చెప్పినవ్?"

"ఆయన దగ్గర అది దాచుకుని నీ మొహం ఎలా చూడను? నువ్వంటే నాకు ఇష్టం, సుమా."

"నా కోపం పోలే ఇంక."

"పోయేదాకా వస్తూనే ఉంటాను."

"రోజూ వస్తే, ఎందుకొస్తుండని నాయిన అడుగుతడు."

"ఏం చెప్తావ్?"

ఆమె జవాబు చెప్పేలోగా లోపల్నుంచి మల్లయ్య కేకేశాడు. "ముందుగాల ఆ పిలగానికి తువ్వాల ఇయ్యి బిడ్డా!"

ఇచ్చింది. ఫణీంద్ర అందులో మొహం దాచుకున్నాడు. సిగ్గు ఇంకా దిగలేదు. తుడుచుకోవడం అయిపోయినా, తల ఎత్తడానికి భయపడ్డాడు.

ఎత్తి చూసేసరికి ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది.