తాడు కట్టిన పుస్తకాలు

మా సందులోకి వరద నీళ్లు వచ్చి, పుస్తకాల దొంతరల్లో కింది వరసలన్నీ నానిపోయిన ఏడాది అది. బుసాన్‌లో పాత పుస్తకాలమ్మే మావాళ్లు ఇప్పటికీ ఏ సంగతైనా ఆ వరదకు ముందు, ఆ వరద తర్వాత అనే చెప్పుకుంటారు.

తడిసినవి షాపు లోపల ఆరబెడుతుంటే గొడుగేసుకుని ఒకమ్మాయి వచ్చింది. పేరు ఓక్జు, యూనివర్సిటీలో చదువుతోంది. మనుషులు దేన్నైనా ఎలా ఎంచుకుంటారో, ఎందుకు తప్పుగా ఎంచుకుంటారో చెప్పే పుస్తకాలు కావాలంది. ప్రొఫెసరు చదవమన్నవి ఎక్కడా దొరకలేదట.

నాది మూడో తరగతి చదువు. ఉన్నవన్నీ తీసి ముందు పెట్టాను.

"వీటిలో ముందు ఏది చదవమంటారు?"

"సన్నది."

ఆమె నవ్వింది. వాన తగ్గేదాకా అక్కడే కూర్చుని చదివింది. తర్వాత వాన లేని రోజుల్లో కూడా వచ్చేది. చదివింది నాకు చెప్పేది. చేతికొచ్చిన వస్తువు పనికిరాకపోయినా మనిషి వదలడట. టికెట్టు కొన్నందుకే బాగోలేని సినిమా చివరిదాకా చూస్తాడట. నేను తలూపేవాణ్ణి.

పక్కనే అట్లు పోసే పిన్ని మాత్రం, "వీడి నోట్లోంచి మాట రావడానికి ఆ పుస్తకాల్లో మందేమైనా రాశారేమో చూడమ్మా" అనేది.

మా సందులో ఒక పద్ధతుంది. ఎవరైనా పుస్తకం కావాలంటే తాడు కట్టి పక్కన పెడతాం. వాళ్లు వద్దనేదాకా అది వాళ్లదే. ఓక్జు పుస్తకాలు అలాగే కట్టి ఉంచేవాణ్ణి.

ఒక శనివారం వచ్చి ఏమీ చదవకుండా ఆ కట్టనే చూస్తూ కూర్చుంది. బ్యాంకులో పనిచేసే అతనితో వాళ్ల నాన్న సంబంధం మాట్లాడాడట. రేపటిలోగా తను కాదనకపోతే ఖాయమైనట్టేనట.

"నన్నూ తాడేసి పక్కన పెట్టారండీ," అంది. "మనం నోరు మూసుకుని కూర్చుంటే ఏది జరుగుతుందో, చివరికి మనం ఎంచుకున్నది అదే అవుతుందట. ఇన్ని పుస్తకాల్లో నాకు భయం వేసింది ఆ ఒక్క మాటకే."

బ్యాంకు ఉద్యోగం ముందు నా తడి పుస్తకాలెంత అనుకున్నాను. ఆమె కట్టకున్న ముడి ఇంకాస్త బిగించాను.

"వద్దని నేను చెప్పుకోగలను దాల్సు గారూ. సరే అనాలంటేనే, ఎవరో ఒకరు నోరు తెరిచి అడగాలి."

గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. పిన్ని ఆ రోజు నాకు అట్టు పెట్టలేదు.

మర్నాడు పొద్దున షాపు తెరవలేదు. ఆమె కట్టకున్న తాడు కోసేసి, విడి పుస్తకాలు చంకలో పెట్టుకుని, మెట్లన్నీ ఎక్కి కొండ మీదున్న వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల నాన్న తలుపు తీశాడు. ఆయన వెనక, చేతిలో గిన్నెతో ఓక్జు.

"నేను..." అన్నాను.

"సరే," అంది ఓక్జు.

వాళ్ల నాన్న ఆమెను చూశాడు, నన్ను చూశాడు, నా చంకలోని పుస్తకాలను చూశాడు.

"నేను సరే అన్నాను గదా అని ఆగిపోకండి. మొత్తం చెప్పండి," అంది.

మొత్తం చెప్పాను.