ఆకుపచ్చ స్వెటర్ చెయ్యి

ముందే ఒప్పేసుకుంటున్నాను. నా దగ్గర ఒక పాత దుప్పటి ఉంది. దాన్ని ఆఖరిసారి ఎప్పుడు ఉతికానో నన్ను అడగొద్దు. ఎవరైనా ఉతుకుతానంటే ఊరుకోను కూడా. అందుకే ఈ కథలో నురగ అనే పిల్ల చేసిన పొరపాటు నాకు వెంటనే అర్థమైపోయింది. పాపం, నురగకి మాత్రం ఒక రోజు పట్టింది.

ఆ బుధవారం మధ్యాహ్నం నురగ స్కూలు నుంచి వచ్చేసరికి, వాళ్ళ లాండ్రీలో మూడు మెషీన్లూ గిరగిరా తిరుగుతున్నాయి. అమ్మ కౌంటర్ దగ్గర కూర్చుని బట్టలకి నంబరు చీటీలు పిన్నులతో గుచ్చుతోంది. తాతయ్య ఇస్త్రీ చేస్తున్నాడు. నురగ బ్యాగు కూడా దించకుండా నేల మీద బోర్లా పడుకుని, ఇస్త్రీ బల్ల కిందకి తొంగి చూసింది.

"ఉన్నాడా తాతయ్యా?"

"ఎక్కడికి పోతాడే? ఇదిగో, ముక్కు ఈ కాలు దగ్గర, తోక ఆ కాలు దగ్గర."

బోగీ డాక్స్‌హండ్ జాతి కుక్క. జానెడు కాళ్ళు, బారెడు ఒళ్ళు. దిక్కులేని కుక్కల్ని ఉంచే షెల్టర్ నుంచి వచ్చిన రోజే తాతయ్య ఎగాదిగా చూసి, "ఇంజను లేని రైలు పెట్టెలా ఉన్నాడే వీడు!" అన్నాడు. అంతే, పేరు ఖాయమైపోయింది. ఆ ఇంట్లో పేర్లన్నీ అలాగే పుడతాయి. నురగకి మూడేళ్ళప్పుడు సబ్బు నీళ్ళ టబ్బులో కూర్చుని కళ్ళ దాకా నురగ పూసుకుందట. అసలు పేరు ఇప్పుడు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా లేదు.

కుక్క కావాలని నురగ ఏడాది పాటు అమ్మని పీక్కు తింది. "బట్టల మీద వెంట్రుకలు రాలితే కస్టమర్లు మన తల తింటారు. పొట్టి వెంట్రుకలవాడైతేనే ఆలోచిస్తా," అంది అమ్మ. అలా దొరికాడు బోగీ. వచ్చి నాలుగు రోజులైంది.

అంతకుముందు ఉన్నవాళ్ళు వాడిని పెరట్లో గొలుసుతో కట్టేసి, చీపురుతో కొట్టేవారట. ఎవరైనా చెయ్యి ఎత్తితే చాలు, వాడు నేలకి అతుక్కుపోతాడు. అందుకని అమ్మ కూడా దొంగలా, వాడు చూడనప్పుడు ఊడుస్తోంది.

షెల్టర్‌లో పనిచేసే అక్క వాడిని దింపి వెళ్తూ చాలా జాగ్రత్తలు చెప్పింది. "పదే పదే పిలవొద్దు. వాడే రావాలి. ఎత్తుకోవాల్సొస్తే ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి వెనక కాళ్ళ కింద. నడుము వేలాడకూడదు." చివర్లో సంచిలోంచి ఒక గుడ్డ తీసి ఇచ్చింది. అదొక పాత ఆకుపచ్చ స్వెటర్ చెయ్యి. స్వెటర్ లేదు, ఒక్క చెయ్యే. "ఇది ఎప్పుడూ వాడి దగ్గరే ఉండాలి."

ఉతకొద్దని చెప్పాలని అక్కకి తట్టలేదు. నిజానికి లాండ్రీవాళ్ళింట్లో మొదట చెప్పాల్సిన మాట అదే.

ఇంతకీ ఆ బుధవారం ఒక అద్భుతం జరిగింది. నురగ బోర్లా పడుకుని ఉండగా, బోగీ నెమ్మదిగా బల్ల కిందనుంచి సగం బయటికొచ్చాడు. నురగ మేజోడుకి ముక్కు ఆనించాడు. రెండే రెండు సెకన్లు. మళ్ళీ లోపలికి.

"అమ్మా! నన్ను వాసన చూశాడు!"

"ఆ మేజోళ్ళా? అయ్యో, బతికే ఉన్నాడా?" అంది అమ్మ.

నురగ ఆనందం పట్టలేకపోయింది. వాడికి ఏదైనా బహుమతి ఇవ్వాలి. లాండ్రీలో పెరిగిన పిల్లకి ఏం తడుతుంది? బోగీ నీళ్ళు తాగడానికి వెళ్ళినప్పుడు ఆ స్వెటర్ చెయ్యి పట్టుకొచ్చేసింది. అబ్బ, ఏం కంపు! చెమట, జొల్లు, మట్టి, ఇంకా పేరు తెలియని మూడు నాలుగు వాసనలు.

చల్లటి నీళ్ళలో నానబెట్టింది. మరకలకి మందు రాసింది. మెత్తటి బ్రష్షుతో రుద్దింది. నీళ్ళు నల్లగా పోయాయి, తర్వాత బూడిదరంగుగా, చివరికి తేటగా. ఆరబెట్టి, తాతయ్య దగ్గర ఇస్త్రీ చేయించి, నలుచదరంగా మడతపెట్టింది.

"కొత్తదానిలా ఉందే!" అంది అమ్మ. "పనిమంతురాలివి," అన్నాడు తాతయ్య.

ఒక్క బోగీకే నచ్చలేదు.

వాడు ఆ మడతని ఒకసారి వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు. ముక్కుతో విప్పి లోపల వెతికాడు. తర్వాత లాండ్రీ అంతా వెతికాడు. బుట్టల వెనక, బల్ల కింద, ఆఖరికి డ్రయ్యర్ తలుపు దగ్గర కూడా. ఎక్కడా దొరకలేదు. అప్పుడు మూడో నంబరు మెషీన్ వెనక సందులోకి దూరిపోయాడు.

రాత్రి తిండి ముట్టలేదు. గురువారం పొద్దున కూడా ముట్టలేదు. నీళ్ళు మాత్రం నాలుగు గుటకలు తాగాడు.

ఆ మధ్యాహ్నం స్కూలు నుంచి రాగానే నురగ షెల్టర్ అక్కకి ఫోన్ చేసింది.

"కొత్తగా ఏమైనా మార్చారా?" అడిగింది అక్క.

"ఏం లేదక్కా. వాడి గుడ్డ ఉతికానంతే. చాలా బాగా ఉతికాను."

"అయ్యో!" అంది అక్క.

"అక్కా?"

"తప్పు నాదిలే, నేను చెప్పలేదు," అంది అక్క నెమ్మదిగా. "మా దగ్గర ఒక వాచ్‌మన్ ఉండేవాడు. బోగీ వచ్చిన కొత్తలో ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఆయన రోజూ బోను పక్కన కూర్చుని టీ తాగేవాడు, అంతే. నెల రోజులకి వాడు ఆయన చేతిమీద తల పెట్టాడు. ఆయన పని మానేసి వెళ్ళిపోతూ, స్వెటర్ చెయ్యి కత్తిరించి వాడికిచ్చాడు."

నురగ ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుంది. "ఆయన్ని మళ్ళీ ఒకసారి..."

"ఎక్కడున్నాడో తెలీదమ్మా. శనివారం పదకొండింటికి నేనొస్తాను. అప్పటికీ తినకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి, మా దగ్గరే ఉంచేసుకుంటాను. వాడికి ఇల్లు మార్చడం పడట్లేదేమో."

ఫోన్ పెట్టేసి నురగ తాతయ్య దగ్గరికి వెళ్ళింది.

"తాతయ్యా, పోయిన వాసన మళ్ళీ ఎక్కించొచ్చా?"

తాతయ్య ఇస్త్రీ పెట్టె నిలబెట్టాడు. "యాభై ఏళ్ళుగా తీయడమే నేర్చుకున్నానే. ఎక్కించమని ఇంతవరకు ఎవరూ అడగలేదు."

"అయితే రాదా?"

"ఆయన వాసన రాదు. నీది కావాలంటే వస్తుంది. బట్టకి వాసన ఎలా ఎక్కుతుంది మరి? వేసుకుంటే ఎక్కుతుంది."

నురగ స్వెటర్ చెయ్యిని ఎడమ చేతికి తొడుక్కుంది. మోచేతి పైదాకా వచ్చింది.

రాత్రి దాంతోనే పడుకుంది. శుక్రవారం స్కూలుకి దాంతోనే వెళ్ళింది.

"ఏయ్, మిగతా స్వెటర్ ఎవరు తిన్నారే?" అని క్లాసులో ఒకడు అరిచాడు.

"మీ లాండ్రీలోనే పోయిందా?" ఇంకొకతె.

నురగకి ఏడుపొచ్చినంత పనైంది. ఎప్పుడూ మడత నలగని బట్టలు వేసుకొచ్చే పిల్ల మరి. అయినా తీయలేదు. ఆటల పీరియడ్‌లో అందరికన్నా ఎక్కువ పరిగెత్తింది, చెమట పట్టాలిగా. సాయంత్రానికి దానికి ఇంకు, మట్టి, చెమట అన్నీ అంటుకున్నాయి.

"షాపులో రెండొందల బట్టలున్నాయి. అన్నిటినీ కలిపినా నీ ఎడమ చేతికి సాటి రావు," అంది అమ్మ ముక్కు మూసుకుని.

నురగ స్వెటర్ చెయ్యి తీసి చూసింది. మణికట్టు దగ్గర పెద్ద ఇంకు మరక. అలవాటు కొద్దీ చెయ్యి బ్రష్షు మీదకి వెళ్ళింది. మళ్ళీ వెనక్కి వచ్చింది.

ముడతలతో అలాగే తీసుకెళ్ళి మూడో మెషీన్‌కి కాస్త దూరంలో పెట్టింది. పిలవలేదు. సందులో చెయ్యి పెట్టలేదు. వాడికి వీపు తిప్పి కూర్చుని లెక్కల హోంవర్క్ తీసింది.

మూడు లెక్కలు అయ్యాయి. మూడూ తప్పే. నాలుగోది మొదలుపెట్టగానే వెనకనుంచి ఫుస్, ఫుస్ అని వినిపించింది. తిరిగి చూడాలని మెడ లాగేస్తోంది. చూడలేదు. గుడ్డ నేలమీద జరిగిన చప్పుడైంది. మెల్లగా తిరిగేసరికి స్వెటర్ చెయ్యి అక్కడ లేదు. వాడు సందులోకి లాక్కెళ్ళిపోయాడు.

కానీ శనివారం పొద్దున చూస్తే గిన్నె నిండుగానే ఉంది.

పదకొండింటికి అక్క ఖాళీ బుట్టతో వచ్చింది. గిన్నె వైపు చూసి నిట్టూర్చింది. "తినలేదా? సరే, తీసుకెళ్తానమ్మా."

"పది నిమిషాలు అక్కా. ప్లీజ్."

నురగ గిన్నెని తన వెనక పెట్టుకుని, మెషీన్‌కి వీపు చేసి కూర్చుంది. అమ్మ మెషీన్లు ఆపేసింది. తాతయ్య ఇస్త్రీ ఆపేశాడు. లాండ్రీ అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు.

ముందు ముక్కు వచ్చింది. తర్వాత చెవులు. తర్వాత చాలాసేపు నడుమే వచ్చింది. ఆఖరికి తోక. నోట్లో స్వెటర్ చెయ్యి. బోగీ దాన్ని నురగ వెనక పడేసి, నురగ వీపంతా వాసన చూశాడు. ఆ తర్వాత గిన్నెలో మూతి పెట్టాడు.

కరకర, కరకర. అంత మంచి చప్పుడు నురగ అంతకుముందు వినలేదు.

ఒక్కసారి నిమరాలని చెయ్యి లేవబోయింది. నురగ దాన్ని దించేసి, అరచెయ్యి పైకి పెట్టి నేలమీద ఆనించింది. బోగీ ఆ చేతికి ముక్కు ఆనించలేదు. తిని, స్వెటర్ చెయ్యి పట్టుకుని ఇస్త్రీ బల్ల కిందకి వెళ్ళిపోయాడు.

"ఇవాళ్టికి చాలు," అంది నురగ.

అక్క ఖాళీ బుట్టతోనే వెళ్ళింది.

ఆదివారం ఇంటి బట్టలు ఉతికే రోజు. అమ్మ దుప్పట్లు, తువ్వాళ్ళు, నేల మీద కనిపించినవన్నీ బుట్టలో వేసుకుంటూ ఇస్త్రీ బల్ల కిందకి చెయ్యి చాపింది. స్వెటర్ చెయ్యికి ఒక చీటీ పిన్నుతో గుచ్చి ఉంది. వాడికి గుచ్చుకోకుండా పిన్ను చుట్టూ టేపు కూడా ఉంది. నురగ రాతలో రెండు ముక్కలు: "బోగీ. ఉతకరాదు."

చీటీ ఉన్నాక లాండ్రీవాళ్ళు దాన్ని కాదనరు. అమ్మ దాన్ని ఎలా ఉందో అలాగే వదిలేసి లేచింది.

మీ ఇంట్లో కూడా ఎవరూ ఉతకకూడని వస్తువు ఒకటి ఉండే ఉంటుంది. అదేంటో, ఎవరిదో నాకు రాసి పంపండి. వస్తువు మాత్రం పంపొద్దు. నా దుప్పటి ఒక్కటే చాలు మా ఇంటికి.