నిండుగా పోసిన బ్యాటరీ

అన్నానికి కూర్చోబోతూ జీవరాజు భుజం మీది తువ్వాలు తీసి దులిపాడు. తువ్వాలు నిండా చిల్లులే. పొద్దున బాగానే ఉన్న గుడ్డ మధ్యాహ్నానికి చేపల వలలా తయారైంది.

"ఇంకేటి, జెట్టీ దగ్గర వేసుకో. నాలుగు చేపలైనా పడతాయి" అంది అతని తల్లి అచ్చమ్మ.

జీవరాజు నవ్వలేదు. పొద్దున ఛార్జింగ్ పెట్టాక ఇంకోసారి బండిలోకి వెళ్లినప్పుడు బ్యాటరీ పైన తడి కనిపించింది. నీళ్లే అనుకుని ఆ తువ్వాలుతోనే తుడిచాడు. అది నీళ్లు కాదన్నమాట. కంచం వదిలేసి పెరట్లోకి పరుగెత్తాడు. వెనకే అతని కూతురు సంతోషకుమారి.

పెరట్లో ఉన్నది మామూలు బండి కాదు. బాంబూఫ్లాట్‌లోని తెలుగు చర్చివాళ్లు ఒక పాత బస్సు కొని దాన్ని ఇల్లులా మార్చారు. లోపల రెండు పడక బల్లలు, ఒక స్టవ్వు, ఒక ఫ్యాను, వెనకాల కళ్లు పరీక్ష చేసే కుర్చీ ఉంటాయి. నర్సు మేరమ్మ సిస్టర్ అందులోనే ఉంటూ ఊరూరా తిరిగి ముసలివాళ్ల కళ్లు చూస్తుంది. జీవరాజు డ్రైవరు. అందరూ దాన్ని కళ్ల బండి అంటారు. కరెంటు లేని ఊళ్లలో దీపం, ఫ్యాను, కళ్లలోకి చూసే లైటు, అన్నీ ఒక్క పెద్ద బ్యాటరీ మీదే నడుస్తాయి.

ఆ బ్యాటరీలో నీళ్లు చూసే పని సంతోషకుమారిది. నెల రోజులు వెంటపడి మరీ సంపాదించుకుంది. ఆడపిల్లకి యాసిడ్ పనేమిటని చర్చిలో ఇద్దరు ముగ్గురు మూతి విరిచారు. వాళ్ల మూతులు వాళ్లవి, విరుచుకోనీ. జీవరాజు కూతురికి రబ్బరు గ్లౌజులు తొడిగాడు, మోటారు సైకిల్ తోలేటప్పుడు పెట్టుకునే పాత కళ్లద్దాలు పెట్టాడు, పని నేర్పాడు.

పని సరిగ్గా చేస్తే సెలవుల్లో రంగత్ తీసుకెళ్తానని మాట కూడా ఇచ్చాడు. రంగత్ దాకా రోడ్డు పడి ఎన్నాళ్లో కాలేదు. దారిలో సముద్రపు పాయ అడ్డం వస్తే బస్సుకి బస్సే పడవెక్కుతుందట. సంతోషకుమారి అది చూడాలి. సోమవారం తెల్లారి ప్రయాణం. ఆ సంగతి క్లాసులో అందరికీ చెప్పేసింది, టీచరుకి రెండుసార్లు చెప్పింది.

ఇప్పుడు బండిలో ఘాటు వాసన. బ్యాటరీ పైన అంతా తడి. కింద చెక్కపెట్టె నల్లగా మాడినట్టు అయింది.

జీవరాజు ఛార్జర్ ఆపి, వంగి చూశాడు. చూసింది తక్కువ, అరిచింది ఎక్కువ. డబ్బా పగిలిపోయిందన్నాడు. కొని మూడు నెలలు కాలేదు, నూకయ్య పగుళ్ల సరుకు అంటగట్టాడన్నాడు. నూకయ్యది అవతలి ఒడ్డున పోర్ట్ బ్లెయిర్‌లో బ్యాటరీల షాపు. ఇద్దరూ చిన్నప్పటి నుంచి స్నేహితులు. అయినా సరే, ఇవాళ తేల్చేస్తానన్నాడు.

సంతోషకుమారి తండ్రి మొహం వైపు చూడలేకపోయింది. ఎందుకంటే నిన్న సాయంత్రం జరిగింది ఆమెకి తెలుసు.

నిన్న సాయంత్రం ఎవరో పిలిస్తే జీవరాజు హడావిడిగా వెళ్తూ ఒక మాట చెప్పాడు. లోపలి ప్లేట్లు మునిగేంత మాత్రం పొయ్యమన్నాడు. మిగతాది ఛార్జింగ్ అయ్యాక చూద్దామన్నాడు. సంతోషకుమారి ఆరు మూతలూ విప్పింది. డిస్టిల్డ్ వాటర్ సీసా ఎత్తింది. ప్లేట్లు మునిగాయి. కానీ మూతల కింది గదులు ఇంకా వెలితిగానే కనిపించాయి.

వెలితిగా పొయ్యడం ఆ ఇంట్లో పెద్ద తప్పు. అచ్చమ్మ పెళ్లయిన కొత్తలో విశాఖపట్నం నుంచి ఓడెక్కి ఈ దీవికి వచ్చింది. దారి పొడుగునా తాగే నీళ్లు కొలిచి పోశారట, మనిషికి అర గ్లాసు. దిగిన రోజునే ఒట్టు పెట్టుకుంది, తన గుమ్మంలో ఎవరికీ అర గ్లాసు ఇవ్వనని. ఎండాకాలంలో కుళాయి రెండు రోజులకోసారి వచ్చినా సరే, ఆ ఇంట్లో నీళ్లంటే అంచు దాకా ఉండాలి. పాపం, బ్యాటరీకి మాత్రం ఎందుకు తక్కువ చెయ్యాలి? సంతోషకుమారి ఆరు గదులూ అంచు దాకా నింపింది. సీసా ఖాళీ చేసింది. ఎంతో మర్యాద చేసినట్టు మూతలు బిగించింది.

పొద్దున జీవరాజు మూతలు విప్పి చూడకుండానే ఛార్జింగ్ పెట్టాడు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. పిల్ల తప్పు పిల్లదే. కానీ పని అప్పజెప్పి తనొక్కసారీ చూడకపోవడం తండ్రి తప్పు. పెద్దవాళ్ల తప్పుని ఎవరూ తప్పనరు, అంతే తేడా.

జీవరాజు బ్యాటరీని సబ్బునీళ్లతో పైపైన కడిగి, తోపుడుబండి మీద నిలబెట్టి జెట్టీకి తోశాడు. సంతోషకుమారి పక్కనే నడిచింది. చెబితే రంగత్ పోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో అప్పటికి ఆమెకి తెలీదు.

జెట్టీలో తెలిసింది. ఫెర్రీ కోసం నిలబడ్డ జనానికి జీవరాజు నూకయ్య కథ చెప్పడం మొదలెట్టాడు. చెప్పిన కొద్దీ కథ పెరిగింది. అనాసపళ్లు అమ్మే యర్రమ్మ అయ్యో అంది, తన మరిదికి బ్యాటరీ కావాలి గానీ ఇక ఆ షాపుకి పంపనంది. టార్చిలైటు కొనడానికి వెళ్తున్న ఇంకొకాయన కూడా వేరే షాపు చూసుకుంటానన్నాడు. "అరే భయ్యా, ఛోడ్నా మత్" అని, వదలొద్దని ఎగదోశాడు టికెట్లు ఇచ్చే అతను, వినోదంగా.

ఫెర్రీ రాకముందే నూకయ్య దొంగ అయిపోయాడు. సంతోషకుమారి నీళ్లలోకి చూస్తూ నిలబడింది.

షాపులో నూకయ్య కోపం తెచ్చుకోలేదు. జీవరాజు అరిచిందంతా విన్నాడు. తర్వాత బ్యాటరీని వంటసోడా కలిపిన నీళ్లతో కడిగాడు. అది బుస్సుమని నురగ కక్కింది. పొడిగుడ్డతో తుడిచి, కింద కాగితం పరిచి, పావుగంట అలాగే ఉంచాడు. కాగితం తడవలేదు. పగులైతే కింద కారాలి కదా అన్నాడు. తర్వాత మూతలు విప్పి టార్చి వేశాడు. గాజుగొట్టంతో ఒక్కో గదిలోంచి కొంచెం పీల్చి చూశాడు. ఆరింటిలోనూ యాసిడ్ పలచబడింది.

"కళ్ల బండి తోలుతావు గానీ, కోపం వస్తే నీకు కళ్లు కనబడవు" అన్నాడు నూకయ్య. "ఇందులో నీళ్లు ఎవరు పోశారేటి?"

"నా కూతురు" అన్నాడు జీవరాజు. "నేను దగ్గరుండి నేర్పిన పని. అది తప్పు చెయ్యదు. నీ సరుకు సంగతి చెప్పు."

ఆ మాట సంతోషకుమారికి తిట్టు కంటే గట్టిగా తగిలింది. నాన్న తన మీద నమ్మకంతో స్నేహితుణ్ని దొంగ అంటున్నాడు.

"అంచు దాకా పోసేశాను నానా" అంది. "నువ్వు చెప్పినట్టు కాదు. ఆరూ నింపేశాను. మావయ్య బ్యాటరీ పగల్లేదు."

జీవరాజు చెవులు ఎర్రబడ్డాయి. ఎందుకు పోశావని అడిగాడు. ఆమె నాన్నమ్మ గ్లాసు సంగతి చెప్పింది. అప్పుడు నూకయ్యకి నవ్వు ఆగలేదు. అచ్చమ్మ చేతి గ్లాసు ఆయనకీ తెలుసు. పుచ్చుకునేటప్పుడు చొక్కా తడవని రోజు లేదు.

"మీ నాన్నమ్మ అన్నం ఎసరు పెట్టేటప్పుడు గిన్నె అంచు దాకా పోస్తుందేటి?" అని అడిగాడు.

పోస్తే పొంగిపోతుందంది సంతోషకుమారి.

"ఇదీ అంతే. ఛార్జింగ్ పెడితే లోపల బుడగలొస్తాయి, నీళ్లు పైకి లేస్తాయి. చోటు లేకపోతే యాసిడ్ బయటికి పోతుంది. పోయిన యాసిడ్ నీళ్లు పోస్తే తిరిగి రాదు. ప్లేట్లు ఎండకూడదు, మూత కింది గొంతు నిండకూడదు. ఛార్జింగ్ అయ్యాక చూసి, గొంతుకి వేలెడు కింద ఆపెయ్యాలి."

ఆయన పోయిన యాసిడ్ లెక్క చూసి సరిదిద్దాడు. సాయంత్రం దాకా ఛార్జింగ్‌లో ఉంచాడు. బ్యాటరీ బతికింది. మునుపటంత బలం ఉండకపోవచ్చని మాత్రం దాచకుండా చెప్పాడు. జీవరాజు స్నేహితుడి ముందు తల దించుకుని, తెలుసుకోకుండా నోరు పారేసుకున్నానన్నాడు. నూకయ్య టీ తెప్పించాడు.

తిరుగు ఫెర్రీలో యర్రమ్మ ఖాళీ బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. సంతోషకుమారి తండ్రి పక్కనుంచి లేచింది. నేరుగా వెళ్లి ఆమె ముందు నిలబడి, షాపు బ్యాటరీ మంచిదేనని, నీళ్లు ఎక్కువ పోసింది తనేనని చెప్పింది.

"నేను అప్పుడే బజార్లో ఇద్దరికి చెప్పేశానే గుంటా" అంది యర్రమ్మ.

"ఎవరికో చెప్పండి అత్తా. వాళ్లకీ చెబుతాను."

ఒకావిడ అదే ఫెర్రీలో ఉంది. యర్రమ్మ చెప్పిన రెండో ఆయన ఇల్లు పక్కనున్న హోప్ టౌన్‌లో. ఆవిడకి అక్కడే చెప్పింది. దిగాక చీకటి పడేలోపు హోప్ టౌన్ కూడా వెళ్లింది. తోడు జీవరాజు నడిచాడు. తన నోటితో వాగింది తనూ దిద్దుకోవాలి కదా. టార్చిలైటు ఆయన మళ్లీ కనబడలేదు. టికెట్లు ఇచ్చే అతను మాత్రం సగం విని నవ్వేశాడు. అందరూ వినరు. చెప్పాల్సింది చెప్పాలి.

రంగత్ సంగతి ఆమె అడగలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక కూడా అడగలేదు. సోమవారం తెల్లారి బండికి టాటా చెప్పడానికి గుమ్మంలో నిలబడింది. జీవరాజు స్టీరింగ్ దగ్గర నుంచి విసుక్కున్నాడు.

"గ్లౌజులేవీ? పది రోజులు నీళ్లు ఎవరు చూస్తారు, నేనా? ఎక్కు."

బస్సు పడవెక్కింది. సంతోషకుమారి కిటికీలోంచి సగం బయటికి వేలాడుతూ చూసింది. మేరమ్మ సిస్టర్ ఆమె గౌను పట్టుకుని కూర్చుంది.

రంగత్‌లో నాలుగో రోజు. స్కూలు ఆవరణలో ముసలివాళ్ల వరస గేటు దాకా ఉంది. రాత్రంతా ఫ్యాను తిరిగింది, కళ్ల లైటు మసకబారింది. జీవరాజు స్కూలు కరెంటు తీగ లాగి ఛార్జింగ్ పెట్టి, డీజిలు కోసం బజారుకి వెళ్లాడు. సిస్టర్ చేతి నిండా పని. ఆవిడ డిస్టిల్డ్ వాటర్ సీసా తెచ్చి సంతోషకుమారి చేతిలో పెట్టింది. నిండుగా పోసెయ్యమంది, మళ్లీ మళ్లీ చూసే తీరిక లేదంది.

సంతోషకుమారి మూతలు విప్పి టార్చి వేసింది. ప్లేట్లు మునిగే ఉన్నాయి. మూతలు పెట్టేసింది.

"ఇప్పుడు కాదు సిస్టర్. ఛార్జింగ్ అయ్యాక."

సిస్టర్ గడియారం చూసింది. వరసలో ఒక తాత దగ్గాడు. సంతోషకుమారి కదల్లేదు. ఈలోగా తాతల పేర్లు రాసే పని అందుకుంది, ఎండలో ఉన్నవాళ్లని వరండాలో కూర్చోబెట్టింది.

ఛార్జింగ్ అయ్యాక గ్లౌజులు వేసుకుంది, అద్దాలు పెట్టుకుంది. మూతలు ఒక్కొక్కటీ విప్పి చూసింది. సన్నగా పోసింది, ఆగింది, మళ్లీ చూసింది. సిస్టర్ తలుపు దగ్గర నుంచి అయిపోయిందా అని కేకేసింది.

"రెండు గదులకే కావలసి వచ్చింది సిస్టర్. మిగతా నాలుగూ సరిపోయి ఉన్నాయి" అని, సీసా మూత బిగించి, సంతోషకుమారి లైటు వేసింది.