మట్టి రొట్టెలు

"చచ్చిపోయినవాళ్లు లేచొచ్చి రొట్టెలు తింటారట! ఈ ఈజిప్టువాళ్లంత పిచ్చోళ్లు ఎక్కడైనా ఉంటారా?"

రెబెకా చేతులు ముందుకు చాచి, కళ్లు తేలేసి, మమ్మీలా నడిచి చూపించింది. ఏడో తరగతి గది నవ్వులతో దద్దరిల్లింది.

తార్నాకలోని ఆ బడి పిల్లలు మర్నాడు యూనివర్సిటీలో జరిగే ఎగ్జిబిషన్‌కి రిహార్సల్ చేస్తున్నారు. పాత నాగరికతల వాళ్లు ఏం నమ్మేవారో, ఎలా పూజించేవారో చూపించాలి. రెబెకాకూ బాలలక్ష్మికీ ఈజిప్టు వచ్చింది. మాట్లాడటం రెబెకా పని. అట్టతో సమాధి గది కట్టి, అందులోకి మట్టితో రొట్టెలు, బాతులు, కుండలు చేయడం బాలలక్ష్మి పని.

అంతా నవ్వుతూనే ఉన్నారు. బాలలక్ష్మి మాత్రం తను చేసిన బొమ్మలన్నీ బుట్టలో సర్దేసుకుంది.

"ఏంటే, ఎక్కడికి?" అంది రెబెకా.

"రేపు నేను రాను."

"అయ్యో, ఏమైంది?"

"మా నాయనమ్మ పోయినప్పుడు మేం గూడ ఆకుల అన్నం పెట్టినం. ఆమెకు ఇష్టమని సర్వపిండి పెట్టినం. పిట్ట వచ్చి ముట్టేదాక మా బాపు ఎండల నిలబడ్డడు. అయితే మేం గూడ పిచ్చోళ్లమేనా?"

బాలలక్ష్మి బుట్ట పట్టుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం రెబెకా ఇంట్లో గింజుకుంది. "వాళ్ల నాయనమ్మని నేనేం అనలేదు కదమ్మా. ఎప్పటివాళ్లనో అన్నాను."

వాళ్లమ్మ ప్రమీల చిక్కుడుకాయలు తుంచుతోంది. "సమాధుల పండక్కి తాతయ్య దగ్గర అందరం పూలు పెట్టాం. నువ్వేం పెట్టావు?"

"నిమ్మ బిళ్ల."

"తాతయ్య లేచొచ్చి తింటారనా?"

"కాదు!" రెబెకాకు కోపం వచ్చింది. "తాతయ్యకి అదంటే ఇష్టం కదా! ఉత్తి చేతులతో వెళ్లబుద్ధి కాలేదు."

అనేసి, ఉన్నట్టుండి ఆగిపోయింది.

రెబెకా తను రాసుకున్న జోకుల కాగితం చింపేసి, లైబ్రరీ పుస్తకం మళ్లీ మొదటినుంచి తెరిచింది.

పొద్దున్నే లాలాపేటలో బాలలక్ష్మి ఇంటికి పరుగెత్తింది. "సారీ బాలా. నిజంగా సారీ."

బాలలక్ష్మి గుమ్మం దిగలేదు. "అందరి ముంగట నవ్వి, గీడ నా ఒక్కదానికి సారీ చెప్తే ఎట్ల?" అని లోపలికి వెళ్లిపోయింది.

యూనివర్సిటీ హాలు కిటకిటలాడుతోంది. ఈజిప్టు బల్ల మీద సమాధి గది ఖాళీగా ఉంది. క్లాసు పిల్లలంతా ముందుకొచ్చి నిలబడ్డారు.

"రెబెకా, మమ్మీ నడక! మమ్మీ నడక!" అరిచాడు సంజీవ్.

రెబెకా గొంతు పెంచింది.

"ఆ నడక లేదు. నిన్న నేను ఈజిప్టువాళ్లని పిచ్చోళ్లన్నాను. అలా అనడం తప్పు. నా ఫ్రెండ్ మనసు కష్టపెట్టాను. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే సారీ చెప్తున్నా."

ఎవరో కిసుక్కుమన్నారు. రెబెకా ఆగలేదు.

"పోయినవాళ్లకి కూడా ఆకలేస్తుందని వాళ్లు నమ్మేవాళ్లు. అందుకే సమాధిలో రొట్టెలు పెట్టేవాళ్లు. నేను మా తాతయ్య సమాధి మీద నిమ్మ బిళ్ల పెట్టాను. ఇష్టమైనవాళ్ల దగ్గరికి ఉత్తి చేతులతో ఎలా వెళ్తాం?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

జడ్జిగా వచ్చిన చరిత్ర ప్రొఫెసర్ విశాలాక్షి ముందుకు వంగారు. "ఎప్పుడో వేల ఏళ్ల కిందటివాళ్ల మనసులో ఏముందో నీకెలా తెలుసమ్మా?"

"వాళ్లే రాసి పెట్టారు మేడమ్, సమాధి గోడల మీద. దారినపోయేవాళ్లారా, మాకు రొట్టె, నీళ్లు దొరకాలని మీరూ ఒక మాట అనండి అని అడిగారు."

"రొట్టెలేవి మరి?"

"గివ్వి మేడమ్!"

అప్పటిదాకా వెనక నిలబడి వింటున్న బాలలక్ష్మి, జనాన్ని తోసుకుంటూ వచ్చింది, బుట్ట చంకన పెట్టుకుని. గబగబా రొట్టెలు, బాతులు, కుండలు పేర్చింది. తర్వాత వాళ్ల నాయనమ్మకు పెట్టిన సర్వపిండి గురించీ, ఎంతకీ రాని పిట్ట గురించీ చెప్పింది. సంజీవ్ నోరు తెరుచుకుని విన్నాడు.

మొదటి బహుమతి ఈజిప్టుకే వచ్చింది!

విశాలాక్షి మేడమ్ కప్పును బాలలక్ష్మి చేతికిచ్చి, మైకు తీసుకున్నారు. "పోయినవాళ్ల పేరు పలుకుతూ ఉంటే వాళ్లు బతికే ఉంటారని కూడా ఈజిప్టువాళ్లు నమ్మేవాళ్లు. మీ నాయనమ్మ పేరేమిటి బాలలక్ష్మీ?"

"ఉప్పలమ్మ," అంది బాలలక్ష్మి, తనకు మాత్రమే వినిపించేంత మెల్లగా.

"వినపడ్తలేదు!" అన్నారు వెనకనుంచి.

రెబెకా మైకు అందుకుంది. నిన్న క్లాసంతా నవ్వించిన ఆ గొంతుతోనే, హాలు చివరిదాకా వినపడేలా పలికింది.

"ఉప్పలమ్మ!"

"ఉప్పలమ్మ!" హాలంతా ఒక్కసారిగా అంది.

బాలలక్ష్మి ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే కప్పును రెండు చేతులతో తలపైకెత్తింది.