గుర్రం పొట్ట కింద బుడిపె

టోపీ తాతగారి పై వరస పళ్ళు ఇంకా అమ్మ చేతిలోనే ఉన్నాయి. అమ్మ వాటిని దీపం దగ్గర తిప్పి చూస్తూ ఒక మూల అరగదీస్తోంది. తాతగారు మాత్రం ఆగలేక బోసినోటితోనే మాట్లాడేస్తున్నారు.

"అమ్మాయ్, ఇవాళ నా ముఖం ఎందుకు వెలిగిపోతోందో అడగవేం?"

"కొత్త పళ్ళు వస్తున్నాయి కదండీ," అంది అమ్మ.

"పళ్ళదేముంది. ఇదిగో, ఇది చూడు."

తాతగారు జేబులోంచి చేతిరుమాలు తీసి జాగ్రత్తగా మడతలు విప్పారు. లోపల చిన్న ప్లాస్టిక్ కవరు, అందులో నల్లబడిన వెండి నాణెం. నాణెం మీద పరుగెత్తుతున్న గుర్రం.

అమ్మ పంటి డాక్టర్లకు కట్టుడు పళ్ళు, క్యాపులు చేసి ఇస్తుంది. వాళ్ళింటి ముందు గదే ల్యాబ్. ఆ మూల స్టూలు మీద కూర్చుని మైనంతో బొమ్మలు చేయడం కూతురికి ఇష్టం. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ మైనం ఉంటుంది కాబట్టి బడిలో ఆ అమ్మాయి పేరే 'మైనం' అయిపోయింది.

గుర్రం అనగానే మైనం లేచి వచ్చింది.

"వందల ఏళ్ళ నాటిది," అన్నారు తాతగారు. "ఎప్పటినుంచో వెతుకుతున్నాను. స్టాంపుల షాపాయన దగ్గర దొరికింది. దీనికి బదులు నా రాగి నాణేల పెట్టె ఇచ్చేశాను."

"పెట్టె మొత్తమా?" అంది అమ్మ.

తాతగారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ రైలింజన్లు నడిపారు. రైలు ఆగిన ప్రతి ఊళ్ళోనూ ఒకటో రెండో ఏరి తెచ్చిన నాణేలు ఆ పెట్టెలో ఉండేవి. దాని గురించి వీధిలో తెలియనివాళ్ళు లేరు.

"మొత్తం ఇచ్చేశాను. దీనికోసం ఎంతిచ్చినా తక్కువే," అన్నారాయన.

మైనం భూతద్దం తీసి నాణెం మీదికి వంగింది. గుర్రం పొట్ట కింద గుండుసూది తలంత బుడిపె కనిపించింది.

ఆ బుడిపె ఆమెకు బాగా తెలుసు.

పోయిన నెల సోషల్ టీచర్ తన తండ్రి దాచిన పాత నాణెం బడికి తెచ్చారు. అందరికీ చేతికిచ్చి చూపించాలని ఆశ, ఎక్కడ పోతుందోనని భయం. "నేను నకళ్ళు చేస్తాను, టీచర్," అంది మైనం. పళ్ళ అచ్చులు తీసే పేస్టులో నాణేన్ని అదిమి, ఆ అచ్చులో కరిగిన మైనం పోసింది. అలా వచ్చిన బిళ్ళల్ని అమ్మ లోహంలో పోత పోసి ఇచ్చింది. అచ్చులో ఒక గాలి బుడగ చిక్కుకోవడం వల్ల ప్రతి నకలులోనూ గుర్రం పొట్ట కింద ఒక బుడిపె వచ్చింది.

క్లాసుకు ఇవ్వగా ఒకటి మిగిలింది. దాన్ని మైనం స్టాంపుల షాపాయనకిచ్చి, పక్షుల స్టాంపుల ప్యాకెట్టు తీసుకుంది. "ఇది నేను చేసిన నకలు, అంకుల్," అని అప్పుడే చెప్పింది కూడా. "తెలుస్తోందిలేమ్మా, షోకేసులో అందంగా ఉంటుంది," అన్నాడతను.

ఇప్పుడు అదే నాణెం ఒళ్ళంతా నలుపు పూసుకుని తాతగారి చేతిరుమాల్లో పడుకుని ఉంది.

మైనం నోరు తెరవబోయింది. అంతలో అమ్మ పళ్ళు అమర్చింది. తాతగారు అద్దంలో చూసుకుని పళ్ళన్నీ కనిపించేలా నవ్వారు. ఆ నవ్వు చూశాక ఆమె భూతద్దం పక్కన పెట్టేసింది. ఆయన నాణెం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

తలుపు పడగానే మైనం జరిగినదంతా అమ్మకు చెప్పింది.

"మోసం, అమ్మా. పచ్చి మోసం. నకలని నా నోటితో చెప్పాను. విని కూడా ఎలా అమ్ముతాడు?"

"అది మోసమే," అంది అమ్మ. ఆమె ముఖం కూడా ఎర్రబడింది. "కానీ నువ్వు చెప్పింది అతని చెవికి. నాణెం మీద ఏమీ లేదుగా. నీ చేయి దాటాక నీ మాట దాని వెంట వెళ్తుందా?"

"అయితే తప్పు నాదంటావా?"

"పోత పోసింది నేను. నాకూ తట్టలేదు." అమ్మ ఏప్రన్ విప్పి మేకుకు తగిలించింది. "పద, ముందు అతన్ని అడుగుదాం."

షాపాయన గాజు బల్ల వెనక టీ తాగుతున్నాడు. అమ్మ చెప్పిందంతా తాపీగా విన్నాడు.

"ఆ పెద్దాయన 'ఇది పాతదేనా' అన్నారు. 'పాతదిలాగే ఉంది కదండీ' అన్నాను. ఇందులో అబద్ధమేముంది?"

"మరి నల్లగా ఎలా అయింది?" అని అడిగింది మైనం.

"వెండి కదమ్మా, గాలికి నల్లబడుతుంది."

"అది వెండి కాదు," అంది అమ్మ. "పళ్ళకు క్యాపులు చేసే లోహం. నోట్లో ఏళ్ళ తరబడి ఉన్నా రంగు మారదు. మీరే ఏదో పూశారు."

షాపాయన కప్పు పక్కన పెట్టాడు. అతని ముఖంలో సిగ్గన్నది మచ్చుకైనా లేదు. పైగా బల్ల మీదికి వంగి గొంతు తగ్గించాడు.

"నీ చేతిలో మంచి పనుంది, పాపా. ఇంకొన్ని చేసిపెట్టు. నీకు ఏ స్టాంపులు కావాలంటే అవి పట్టుకెళ్ళు."

మైనానికి ఒళ్ళు మండిపోయింది.

"తాతగారి పెట్టె తిరిగి ఇచ్చేయండి," అంది అమ్మ.

"ఆయన్ని వచ్చి అడగమనండి." అతను నవ్వాడు. "రారు. ఇన్నేళ్ళ అనుభవం పెట్టుకుని మోసపోయానని ఎవరూ చెప్పుకోరు. అదే మా వ్యాపారానికి రక్ష."

అక్కడినుంచి నేరుగా తాతగారింటికి వెళ్ళారు. ఆయన ఆ నాణేన్ని బల్ల మీద చిన్న గుడ్డ పరిచి దానిపై పెట్టుకున్నారు. మైనం గుమ్మంలోనే నిలబడి, ఆగితే మళ్ళీ చెప్పలేనని గబగబా చెప్పేసింది.

తాతగారు భూతద్దంతో బుడిపెను చాలాసేపు చూశారు.

"పొద్దున నేను చూపించినప్పుడే నీకు తెలిసిందా?"

"తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"మీరు నవ్వుతుంటే చెప్పలేకపోయాను, తాతగారూ."

ఆయన తల పక్కకు తిప్పుకున్నారు. తిట్టినా బాగుండేదనిపించింది మైనానికి.

"ఈ సంగతి ఇక్కడితో వదిలేయండి," అన్నారు. "ఆదివారం మా నాణేల సంఘం మీటింగు. అక్కడ తెలిస్తే నా ముఖం మీదే నవ్వుతారు. కొత్తవాళ్ళకు దొంగ నాణెం ఎలా పట్టుకోవాలో నేర్పేది నేనే."

"షాపాయన కూడా అదే అన్నాడు," అంది మైనం. "మీరు ఎవరికీ చెప్పరట. మీకు సిగ్గేస్తుందట. నవ్వుతూ అన్నాడు, తాతగారూ. మోసం చేసినాయన టీ తాగుతూ కూర్చున్నాడు. మీరేమో తలుపులేసుకుని కూర్చుంటారా?"

"గొంతు తగ్గించు," అంది అమ్మ. కానీ తాతగారు అప్పటికే ఇటు తిరిగారు.

"నవ్వుతూ అన్నాడా?" అన్నారు. "ఇన్నాళ్ళూ అతన్ని సొంత మనిషిలా చూసుకున్నానే."

ఆదివారం లైబ్రరీ పై హాలు నిండిపోయింది. ఎవరి నాణేలు వాళ్ళు బల్లల మీద పరుచుకుని కూర్చున్నారు. షాపాయన బల్ల కిటికీ పక్కనే. తాతగారు టోపీ తీసి లేచి నిలబడ్డారు.

"నేను మోసపోయాను," అన్నారు. ఆ తర్వాత టోపీ అంచును వేళ్ళతో తిప్పుతూ ఆగిపోయారు. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి.

మైనం కుర్చీలోంచి లేచింది. ఆయన పక్కకు వెళ్ళి, క్లాసులోని ఇంకో నకలును ఆ నాణెం పక్కన పెట్టింది.

"ఇవి రెండూ నేను చేసినవే. రెండింట్లోనూ ఒకే చోట ఒకే బుడిపె ఉంది, చూడండి."

అందరూ చుట్టూ మూగారు.

"బాగుంది," అన్నాడు ఒకాయన విసుగ్గా. "పిల్లలు దొంగ నాణేలు చేయడం, పెద్దలు దగ్గరుండి పోత పోయడం."

అమ్మ తల దించుకుంది. మైనం చెవులు వేడెక్కాయి. అయినా కదలలేదు.

అప్పుడు వెనక బల్ల దగ్గర కూర్చున్న ఒక నర్సమ్మగారు హ్యాండ్‌బ్యాగు తెరిచారు. "నా దగ్గరా ఒక దొంగ నాణెం ఉంది, ఇది వేరే రకం. అదే షాపులో తీసుకున్నాను. సిగ్గేసి ఇంతకాలం దాచుకున్నాను." ఇంకొకాయన జేబులోంచి మరోటి బయటికొచ్చింది. మరో పెద్దమనిషి నసుగుతూ, తనకు వచ్చిన దొంగ నాణేన్ని తెలిసి తెలిసి ఇంకొకరికి అంటగట్టానన్నాడు. అందరి చూపులూ అతని మీద పడ్డాయి.

షాపాయన తన సరుకు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"నేనిచ్చింది ఈ పిల్ల చేతిపనే కదండీ. అడగాల్సింది దాన్ని," అన్నాడు.

"అవును, నేను చేసిందే," అంది మైనం. "దాని మీద నకలని రాయకపోవడం నా తప్పు. కానీ మీకు చెప్పాను. మీరు తాతగారికి ఏం చెప్పారో ఇప్పుడు అందరికీ చెప్పండి."

అతను సంచి ఎత్తుకుని గుమ్మం వైపు అడుగేశాడు. గుమ్మం దగ్గర నలుగురు అడ్డంగా నిలబడ్డారు. కాసేపటికి బల్ల కిందనుంచి రాగి నాణేల పెట్టె బయటికొచ్చింది. ఇకమీదట అతనికి ఇక్కడ బల్ల ఉండదని సంఘం వాళ్ళు అప్పటికప్పుడే చెప్పేశారు.

తాతగారు పెట్టె తెరిచారు. చాలా గళ్ళు ఖాళీగా ఉన్నాయి. మంచివన్నీ అప్పటికే అమ్ముడైపోయాయి. ఆయన ఒక్కో ఖాళీ గడిలో వేలు పెట్టి, ఏ ఊరి నాణెం పోయిందో తనలో తాను చెప్పుకున్నారు. మైనం ఆ ఊళ్ళ పేర్లన్నీ వింటూ పక్కనే నిలబడింది.

మర్నాడు బడినుంచి నకళ్ళన్నీ వెనక్కి తెచ్చుకుంది. అమ్మ చిన్న డ్రిల్లు పట్టుకోవడం నేర్పితే, ఒక్కోదాని మీద 'నకలు' అని చెక్కసాగింది. సాయంత్రం తాతగారు వచ్చి తన నాణేన్ని కూడా ముందు పెట్టారు.

"దీని మీదా రాసెయ్. కాకపోతే వెనకవైపు రాయి. గుర్రం ముచ్చటగా ఉంది."

మైనం నాణేన్ని వెనక్కి తిప్పింది. కాస్త ఆలోచించి మళ్ళీ గుర్రం పైకి వచ్చేలా పెట్టింది.

"ఎవరైనా తిప్పి చూడకపోతే, తాతగారూ?"

ఆయన గుర్రాన్ని ఒక్కసారి వేలితో నిమిరి, నాణేన్ని దీపం కిందికి జరిపారు. మైనం డ్రిల్లు స్విచ్ వేసి, గుర్రం మెడ మీదుగా మొదటి అక్షరం చెక్కింది.