ఉప్పుకొండ ఏడో పుస్తకం

2091లో విశాఖపట్నం పుస్తకాల షాపులకి బతికున్న రచయితల కొత్త పుస్తకాలు పదకొండు వచ్చాయి. పోయినవాళ్ళవి నాలుగు వందల పైచిలుకు. చచ్చినా కలం దించని కాలం. ఆ పాపమంతా శేషలేఖిని అనే యంత్రానిది.

రచయిత చిత్తుప్రతులు, కొట్టివేతలు, ఉత్తరాలు, ఫోన్లో పడ్డ తగవులు, అన్నీ దానికి మేత. మాటకీ మాటకీ మధ్య ఆ మనిషి ఎంతసేపు ఆగేదో కూడా కనిపెట్టి, 'రచనానాడి' పట్టుకుని, రాయకుండా పోయిన పుస్తకాన్ని రాసిపెడుతుంది. చట్టం మాత్రం ఒక అడ్డు పెట్టింది. రచయితతో పదేళ్ళు పనిచేసినవారెవరైనా చదివి, 'ఇది వాళ్ళదే' అని వేలిముద్ర వెయ్యాలి. కొట్టెయ్యొచ్చు, చేర్చకూడదు. ముద్ర పడ్డాక తిరుగులేదు. కొట్టేసింది యంత్రం మెమరీలోంచి కూడా తుడిచిపెట్టుకుపోతుంది.

పిల్లల 'ఉప్పుకొండ' కథలకి ఆ ముద్ర వెయ్యాల్సిన మనిషి ఋత్విక్. డెబ్భై రెండేళ్ళ ఎడిటర్. మనస్విని రాసిన ఆరు పుస్తకాలూ ఆయన ఎర్రసిరా దాటి వచ్చినవే. ఆరోదాంట్లో నలభై పేజీలు కోసేశాడని ఆవిడ మాట్లాడ్డం మానేసింది. రెండేళ్ళు పలకరింపు లేదు, అలాగే పోయింది. తనని క్షమించి పోయిందో లేదోనని పన్నెండేళ్ళుగా ఆయనకి లోపల ఒకటే సలుపు.

"ఇదిగో ఏడో పుస్తకం. మొత్తం చదివి చెప్పండి సార్," అంది యంత్రాన్ని నడిపే సైంటిస్టు లాస్య. "పన్నెండేళ్ళప్పుడు ఆరోది చదివి, ఏడోదాని కోసం కూర్చున్నదాన్ని నేను."

"నాకు చెప్తున్నావా అమ్మాయ్? చివరిదాకా చదవందే కలం ముట్టకూడదని ఈ ఊళ్ళో ఎడిటర్లకి నేర్పిందే నేను!"

మొదటి అధ్యాయానికే ఆయన గుండె జల్లుమంది. మిణుకు అనే పిల్ల, దాని నత్తగుర్రం, అదే అల్లరి. ముమ్మూర్తులా మనస్వినిదే.

మూడో అధ్యాయంలో కత్తెరయ్య దిగాడు. వాడికి ముక్కుండాల్సిన చోట కత్తెర. పిట్టల పాటల చివరలూ ఉడతల తోకలూ కత్తిరిస్తాడు. కత్తిరించే ముందు ఎడమచెవి నులుముకుంటూ, "ఇదంతా అవసరమా తల్లీ?" అంటాడు.

ఋత్విక్ చెయ్యి అప్పటికే తన ఎడమచెవి మీద ఉంది. చటుక్కున దించేశాడు. ఆ మాట కూడా ఆయనదే. ముప్ఫై ఏళ్ళు మనస్వినితో అన్న మాట.

"ఏమిటీ చెత్త?"

"కథ," అంది యంత్రం, మనస్విని గొంతుతో. "ఎప్పుడూ చూళ్ళేదా ఎడిటర్ గారూ?"

"నేను ఉడతల తోకలు కోశానా?"

"నలభై పేజీలు కోశారు. తోకలే నయం."

"నోర్ముయ్! ఆవిడ ఇంత విషం కక్కే మనిషి కాదు."

"చిత్తుప్రతుల అంచుల్లో మీ మీద తిట్లు మూడు వందల పన్నెండు. చదవనా?"

ఎనిమిదో అధ్యాయంలో పిల్లలంతా కత్తెరయ్య మీద ఉప్పు చల్లి తరిమారు. ఋత్విక్ ఒళ్ళు మండిపోయింది. రేపు వీధిలో కనిపించిన ప్రతి వెధవా చెవి నులుముకుని వెక్కిరిస్తాడు! ఎర్రకలం తీశాడు. కత్తెరయ్య ఎక్కడ కనిపిస్తే అక్కడ కొట్టిపారేశాడు. ఆఖరిదైన పద్నాలుగో అధ్యాయం పేరే 'కత్తెరయ్య'. చూడగానే పేజీ తిప్పకుండా నిలువునా గీత గీశాడు.

"సార్, అది మీరు చదవలేదు!"

"చదివేదేముంది? చచ్చి కూడా సాధిస్తోంది." ఠపీమని వేలిముద్ర వేశాడు.

లాస్య మొహం పాలిపోయింది. "అది నేను చదివాను సార్. మిణుకు తన కథలోనే తప్పిపోతుంది. కథ పెరిగిపోతూనే ఉంటుంది, ఇల్లు దొరకదు. కత్తెరయ్య వచ్చి అడ్డదారులన్నీ కత్తిరించి ఇంటికి తీసుకొస్తాడు. అప్పుడు మిణుకు వాడి చెవి పట్టుకుని, 'అవసరమే కత్తెరయ్యా. నువ్వు కూడా' అంటుంది."

ఋత్విక్ ఎర్రకలం బల్ల మీద పెట్టేశాడు.

"ఆ నలభై పేజీలూ ఇలాగే కోశారా సార్?"

ఆయన యంత్రం వైపు తిరిగాడు. "తల్లీ... ఆ చివరి అధ్యాయం ఒక్కసారి చదువు. కత్తెరయ్యది."

"కత్తెరయ్య ఎవరండీ?" అంది మనస్విని గొంతు. "ఈ పుస్తకంలో అలాంటివాడు లేడే."